కెరటముల రాకను ముందుగా నెఱుంగుట

మన దోమ గ్రామమునకు సముద్రము సుమారు 300 కిలోమీటర్ల దూరమున నున్నది. మన విద్యార్థులు చెఱువు నెఱుగుదురు, దిగుడుబావి నెఱుగుదురు, వానకాలమున పొంగి పాఱు వాగు నెఱుగుదురు; సముద్రమును మాత్రము పలువురు భూగోళ పటములందలి నీలిరంగుగానే యెఱుగుదురు. అట్టివారికి కెరటముల ముచ్చట యెందులకని యెవరైన నడుగవచ్చును. దీనికి మూడు సమాధానములు గలవు.

మొదటిది మన నీటి సంగతి. వికారాబాదు సమీపమున అనంతగిరి కొండలలో పుట్టిన మూసీ వాడపల్లియొద్ద కృష్ణలో గలియుచున్నది. తాండూరు ప్రక్కగా పాఱు కాగ్నా భీమానదిలోను, భీమ కృష్ణలోను గలియుచున్నవి. ఆ కృష్ణ దివిసీమయందలి హంసలదీవియొద్ద బంగాళాఖాతమును జేరుచున్నది. కావున మన ప్రాంతపు వాగులకును సముద్రమునకును చుట్టరికము లేకపోలేదు. రెండవది మన పంట సంగతి. బంగాళాఖాతమున బుట్టు వాయుగుండములు తీరమును దాటి లోనాడునకు వచ్చినప్పుడు, తాండూరు కందిచేలు పూతమీద నున్నను కాతమీద నున్నను వానిని తడిపి పోవుచున్నవి. మూడవది యన్నిటికంటె ముఖ్యమైనది. నేడు రైలుబండ్లును బస్సులును సులభముగా దొరకుచున్నందున, మన పిల్లలు విహారయాత్రలకై విశాఖపట్టణమునకును, బాపట్ల సూర్యలంకకును, మచిలీపట్టణపు మంగినపూడికిని పోవుచున్నారు. చెఱువులో నీద నేర్చినవాడు సముద్రమునందును నీదగలనని తలంచును. ఈ తలంపే ప్రాణాపాయకరము. సముద్రమునకు దూరమున నుండువారే దానిని గూర్చి యెక్కువగా చదువుకొనవలెనని మా యభిప్రాయము. తీరమువారికి చిన్ననాటినుండి సముద్రమే పాఠములు చెప్పుచున్నది.

ఈ వ్యాసమున మేము చెప్పదలచిన ముఖ్యాంశ మొక్కటియే. తీరమున మన పాదములను తాకు కెరటము ఆనాటి గాలికి, ఆచోటి మబ్బునకు బుట్టినది కాకపోవచ్చును. అది వేలకొలది కిలోమీటర్ల దూరమున, వారము దినముల క్రిందట పుట్టి యుండవచ్చును. కావుననే నిర్మలాకాశమును జూచి సముద్రమును నమ్మరాదు. కావుననే కెరటముల రాకను ముందుగా లెక్కించి చెప్పుటయు సాధ్యమగుచున్నది.

కెరట మెట్లు పుట్టును?

పళ్లెములో నీరు పోసి యూదినచో నీటిపై సన్నని ముడుతలు లేచును. సముద్రముపై గాలి చేయు పనియు నిదియే. ఎంత పెద్ద కెరటము లేచునన్నది మూడు విషయములపై నాధారపడి యుండును: గాలియొక్క వేగము, అది వీచిన కాలము, అడ్డములేక యది నీటిపై సాగిన దూరము. మన చెఱువుపై పెనుగాలి వీచినను చిన్న యలలే లేచుటకు కారణ మేమన, గాలికి బారెడు దూరము సాగునంతలో గట్టు వచ్చును. సముద్రముపై వేయి కిలోమీటర్ల మేర రెండు మూడు దినములు విడువక వీచిన గాలి యింటి యెత్తు కెరటములను లేపగలదు.

ఇచ్చట నొక సందేహమును దీర్చుట యవసరము. కెరటము నడచునేగాని, అందలి నీరు దానితోపాటు నడచి రాదు. జొన్నచేనిపై గాలి వీచినప్పుడు వంపు చేనికి ఈచివరనుండి ఆచివరకు పరుగిడును. జొన్నకఱ్ఱలు మాత్రము తమ పాదుననే నిలిచి తలలూపుచుండును. లోతైన సముద్రమున నీటిబొట్టు లట్లే తమ చోటున చిన్న వలయముగా దిరుగుచు, ఆ యూపును ప్రక్కవానికి అందించుచున్నవి.

గాలి వీచుచున్నచోట పొట్టివియు పొడుగువియు నగు కెరటములు కలగలిసి గజిబిజిగా నుండును. వీనిని గాలికెరటము లందము. అవి పుట్టినచోటును విడిచి దూరము సాగినకొలది యొక చిత్రమైన వేర్పాటు జరుగును. దీర్ఘమైన కెరటములు వడిగా ముందునకు బోవును. పొట్టివి వెనుకబడి సమసిపోవును. అందుచే దూరతీరమును జేరునవి సైనికులవలె వరుసలు దీరి వచ్చును. వీనిని దూరపు కెరటము లందము. ఒక శిఖరము మనలను దాటిన పిమ్మట మఱియొక శిఖరము వచ్చువఱకు బట్టు కాలమునకు ఆవర్తనకాలమని పేరు. అది అయిదాఱు సెకండ్లయినచో కెరటము సమీపపు గాలికి బుట్టినదనియు, పండ్రెండు సెకండ్లకు మించినచో దూరమునుండి వచ్చినదనియు సామాన్యముగా జెప్పవచ్చును. గడియారము చేతనున్న విద్యార్థి యెవరైనను గట్టున నిలిచి దీనిని కొలువవచ్చును.

ఒక చిన్న లెక్క

లోతైన నీటిలో కెరటపు శిఖరము సెకనుకు ఎన్ని మీటర్లు సాగునో తెలియవలెనన్న, ఆవర్తనకాలమును 1.56 చేత గుణింపవలెను. 14 సెకండ్ల కెరటము సెకనుకు దాదాపు 22 మీటర్లు సాగును. కాని కెరటముల గుంపు, అనగా వాని శక్తి, అందులో సగము వేగముననే పయనించును. ఏలనన గుంపునకు ముందున్న కెరటములు అణగిపోవుచు, వెనుక క్రొత్తవి లేచుచుండును. కావున గుంపు వేగము గంటకు సుమారు 39 కిలోమీటర్లు. దినమునకు సుమారు 940 కిలోమీటర్లు.

హిందూమహాసముద్రపు దక్షిణభాగమున, 45 డిగ్రీల దక్షిణ అక్షాంశ ప్రాంతమున, సంవత్సరము పొడుగునను బలమైన పడమటిగాలులు వీచుచుండును. అచ్చటినుండి విశాఖపట్టణమునకు దాదాపు 7,000 కిలోమీటర్లు. దీనిని 940 చేత భాగించినచో ఏడున్నర దినములు వచ్చును. అనగా నేడు శనివారము విశాఖతీరమున విఱుగు కెరటమును లేపిన తుపాను గడచిన శుక్రవారముననో అంతకు ముందో దక్షిణమున చెలరేగినదన్నమాట. దానిని విశాఖవాసు లెవరును చూచియుండరు.

ఈ శాస్త్రము యుద్ధావసరమువలన త్వరగా పెరిగినది. రెండవ ప్రపంచయుద్ధ కాలమున సైన్యములను పడవలనుండి తీరమున దింపవలసి వచ్చినందున, హెరాల్డ్ స్వెర్‌డ్రప్, వాల్టర్ మంక్ అను శాస్త్రజ్ఞులు గాలినిబట్టి కెరటముల యెత్తును ముందుగా గణించు పద్ధతిని కనిపెట్టిరి. 1944 జూన్ 5వ తేదీన జరుగవలసిన నార్మండీ తీరపు దండయాత్రను వాతావరణ శాస్త్రజ్ఞుల మాటపై 6వ తేదీకి మార్చిరి. తరువాత 1963లో మంక్, ఆయన సహచరులును న్యూజీలాండునుండి అలాస్కావఱకు పసిఫిక్ మహాసముద్రము పొడుగున కొలతల కేంద్రములను నిలిపి, దక్షిణ మహాసముద్రపు తుపానులకు బుట్టిన కెరటములు పదివేల కిలోమీటర్లకు పైగా పయనించి ఉత్తరతీరమును జేరుటను కొలిచి చూపిరి.

లెక్కించువా రెవరు?

మన దేశమున వాతావరణశాఖ 1875వ సంవత్సరమున స్థాపింపబడినది. 1864లో కలకత్తాను నాశనము చేసిన తుపానును, 1866, 1871 సంవత్సరములందలి వానల లేమియు దీనికి ప్రేరణలు. ఆ 1864లోనే నవంబరు మొదటి తేదీన మచిలీపట్టణమును ముంచిన ఉప్పెనలో సుమారు ముప్పదివేల మంది నశించిరి. నేడు ఆ శాఖకు విశాఖపట్టణమున తుపాను హెచ్చరిక కేంద్రము గలదు.

కెరటముల లెక్కను చేయు సంస్థ మనకు మిక్కిలి చేరువ నున్నదన్న నాశ్చర్యము గలుగును. భారత జాతీయ సముద్ర సమాచార సేవల కేంద్రము, పొట్టిపేరున ఇన్‌కాయిస్, 1999లో స్థాపింపబడి హైదరాబాదు ప్రగతినగరమున నున్నది. పటముపై గీత గీచి కొలిచినచో దోమనుండి నూరు కిలోమీటర్ల లోపే. సముద్రపు గాలి సోకని దక్కను పీఠభూమిపై గూర్చుండి వారు విశాఖ బెస్తవానికి రేపటి కెరట మెంతయెత్తో చెప్పుచున్నారు. కెరటము పుట్టుచోటు ఎట్లును తీరమున లేదు గదా! ఉపగ్రహములు సముద్రముపై గాలిని, కెరటముల యెత్తును కొలుచుచున్నవి. నీటిపై దేలు పరికరములు, విశాఖపట్టణపు తీరమున లంగరు వేసినదానితో గూడ, తమ క్రిందుగా బోవు ప్రతి కెరటమును లెక్కించి పంపుచున్నవి. ఈ కొలతలను కంప్యూటరున కిచ్చి, పైన మేము చేసిన లెక్కనే సముద్రమంతటి కొఱకు చేయుదురు. ఇది జోస్యము కాదు, గణితము.

పూర్వులకును గుఱుతులు లేకపోలేదు. సాయంకాలపు టెఱుపును జూచి మఱునాటి పొద్దును నిర్ణయించు వాడుక మత్తయి సువార్త 16వ అధ్యాయమున ప్రస్తావింపబడినది. పాలస్తీనాలో వాతావరణము పడమటి సముద్రమునుండి వచ్చును గనుక ఆ గుఱుతు అచ్చట పనికివచ్చెను. మన కోస్తాకు తుపానులు తూర్పునుండి వచ్చును. ఒక దేశపు గుఱుతు మఱియొక దేశమున చెల్లదు. గణిత మన్ననో అంతటను చెల్లును.

సూచనను చదువు విధము

కెరటముల సూచనయందు ముఖ్యముగా నాలుగు విషయములుండును: ఎత్తు, ఆవర్తనకాలము, వచ్చు దిక్కు, గాలి. ఎత్తనగా కెరటములన్నిటి సగటు కాదు. వానిలో పెద్దవియగు మూడవవంతు కెరటముల సగటు. అందుచే సూచనలో మీటరున్నర యని యున్నను, నడుమనడుమ దానికి దాదాపు రెట్టింపు ఎత్తు కెరటము రావచ్చును. గట్టున నిలిచి పది కెరటములను జూచి, ఇంతేగదా యని దిగువాడు పదునొకండవదానికి చిక్కును.

ఎత్తొక్కటియే చాలదు. మచ్చునకు, రెండు ఉదయములందును కెరటపు టెత్తు మీటరున్నరయే యనుకొందము. ఒకనాడు ఆవర్తనకాలము 6 సెకండ్లు, మఱియొకనాడు 14 సెకండ్లు. లోతునీటిలో కెరటము మోసికొనివచ్చు శక్తి యెత్తుయొక్క వర్గమునుబట్టియు, ఆవర్తనకాలమునుబట్టియు నుండును. కావున రెండవనాటి కెరటము మొదటినాటిదానికంటె రెండురెట్లకు పైగా శక్తి గలది. పైగా 6 సెకండ్ల కెరటము సుమారు 28 మీటర్ల లోతునకు వచ్చినపిమ్మటనే అడుగును తాకును. 14 సెకండ్లది 150 మీటర్ల లోతుననే తాకును. అడుగును తాకినది మొదలు వేగము తగ్గి, దగ్గఱకు నెట్టుకొని, ఎత్తు పెరుగుచు వచ్చును. చూపునకు మందముగా గనుపించు ఈ దీర్ఘకెరటములే తీరమున బలముగా విఱుగునవి.

రాతితిట్టపై విఱుగు కెరటము

నీటి లోతు కెరటపు టెత్తునకు సుమారు ఒకటింబావు రెట్లకు తగ్గినప్పుడు కెరటము నిలువలేక విఱుగును. ఇసుక తీరమున అడుగు నెమ్మదిగా ఎక్కును గాన కెరటము ఇచ్చటొకమాఱు అచ్చటొకమాఱు విఱుగును. ఇసుకయు నెలనెలకు జరుగుచుండును. నీట మునిగియున్న రాతితిట్ట యన్ననో జరుగదు. అందుచే దానిపై కెరటము ప్రతిదినము ఒకేచోట, ఒకే తీరున, అకస్మాత్తుగా లేచి విఱుగును. విశాఖపట్టణమున డాల్ఫిన్స్ నోస్ కొండకును రుషికొండకును నడుమ ఇసుకయు రాళ్లును కలగలిసిన తీరము గలదు. లాసన్స్ బే, రుషికొండ ప్రాంతములందు నేడు యువకులు పలకలపై నిలిచి కెరటములమీద స్వారి చేయుట నేర్చుకొనుచున్నారు. సర్ఫింగు అను ఈ క్రీడ 2021లో జరిగిన టోక్యో ఒలింపిక్సునందు మొదటిసారి చేర్చబడినది.

ఈ క్రీడాకారులకు ఆటుపోటుల వేళ తెలియుట యత్యవసరము. విశాఖయొద్ద అమావాస్య, పూర్ణిమల నాటి పోటునకును పాటునకును నడుమ భేదము దాదాపు మీటరున్నర. పాటు వేళ రాతిపై నీరు పలుచనై, పడినవానికి రాయి తగులును. పోటు వేళ రాళ్లు కానరాక, తెలియనివానికి అది యిసుక తీరమువలె దోచును. గాలియు నట్లే. తూర్పుతీరమున తెల్లవాఱుజామున నేలమీదనుండి సముద్రమువైపు మెల్లని గాలి వీచి కెరటపు ముఖమును నునుపుగా నుంచును. ప్రొద్దెక్కి నేల వేడెక్కిన పిమ్మట సముద్రపుగాలి తిరిగి నీటిని చెదరగొట్టును. సర్ఫింగు చేయువారు వేకువనే పోవుటకు కారణ మిదియే.

ఇక ఋతువుల సంగతి. ఫిబ్రవరినుండి ఏప్రిలువఱకు బంగాళాఖాతము సామాన్యముగా శాంతముగా నుండును. దూరపు కెరటములు స్పష్టముగా గనుపించును. జూనునుండి సెప్టెంబరువఱకు నైరుతిగాలులచే సముద్రము కల్లోలముగా నుండును. మేనెలయందును, అక్టోబరు నవంబరు మాసములందును తుపానుల భయము హెచ్చు. ఏప్రిలు 15నుండి జూన్ 14వఱకు 61 దినములు తూర్పుతీరమున మరపడవల చేపలవేట నిషిద్ధము; అది చేపలు గ్రుడ్లుపెట్టు కాలమని చేసిన కట్టడి.

హెచ్చరిక విన్న ఫలము

తుపాను వచ్చునప్పుడు ఓడరేవులందు 1నుండి 11వఱకు సంఖ్యలుగల ప్రమాదసూచికలు ఎగురవేయుదురు. ఒకటి, రెండు సంఖ్యలు దూరమున నున్న యపాయమును, మూడు, నాలుగు రేవునకే రాగల చెడువాతావరణమును దెలుపును. అయిదునుండి ఏడువఱకు అపాయమును, ఎనిమిదినుండి పదివఱకు మహాపాయమును సూచించును. పదునొకండు వార్తాసంబంధములు తెగిపోయినవని చెప్పును.

1977 నవంబరు 19న దివిసీమపై అయిదు మీటర్ల యెత్తు ఉప్పెన విఱుచుకొనిపడి పదివేల మందికి పైగా చనిపోయిరి. 2013 అక్టోబరు 12న ఫైలిన్ తుపాను గోపాలపురమువద్ద తీరము దాటినప్పుడు ముందుగానే ఒడిశా, ఆంధ్రప్రదేశ్ తీరములందు దాదాపు పదిలక్షల మందిని తరలించిరి; మృతుల సంఖ్య యేబది దాటలేదు. ఫైలిన్ గాలి 1977 నాటిదానికంటె మెత్తనిది కాదు. భేద మెచ్చట నున్నదన, ముందుగా దెలియుటయందును, తెలిసినదానిని విని కదలుటయందును.

తుపాను వచ్చునప్పుడు మబ్బు, గాలి మనలను భయపెట్టి యింటికి పంపును. అంతకంటె మోసకరమైనది గాలిలేని పొంగు. దూరపు కెరటములు ఎండకాయు దినమున, ఏ గుఱుతును లేక, తీరమును ముంచెత్తును. కేరళ బెస్తవారు దీనిని కళ్ళక్కడల్ అందురు. దొంగవలె వచ్చు సముద్రమని యర్థము. 2024 మే 6న కన్యాకుమారి జిల్లా తీరమున, ఇట్టి పొంగునుగూర్చి ఇన్‌కాయిస్ హెచ్చరిక యిచ్చియుండగా, విహారమునకు వచ్చిన వైద్యవిద్యార్థు లయిదుగురు కెరటములకు చిక్కి మరణించిరి. వారు చదువురాని వారు కారు. హెచ్చరిక వ్రాయబడినది, అది నీటియంచున నిలిచినవారికి అక్కఱకు రాలేదు. ఇది మన విద్యార్థులందఱును, వారిని వెంట దీసికొనిపోవు మాబోటి ఉపాధ్యాయులును మనస్సున నిలుపుకొనవలసిన విషయము.

మఱియొక యపాయము చెప్పి ముగింతుము. కెరటములు గట్టునకు దెచ్చిన నీరు తిరిగి పోవుటకు నడుమ నొక సందు చేసికొని లోపలికి వడిగా లాగును. ఆ సందులో కెరటములు తక్కువగా విఱుగును గనుక తెలియనివారికి అదియే స్నానమునకు నెమ్మదియైన చోటుగా దోచును. నురుగు లోపలికి పోవుచున్న, నీరు ముదురురంగుగా నున్న యట్టి చోటును విడువవలెను. చిక్కినవాడు గట్టువైపునకు ఎదురీదినచో అలసిపోవును. భయపడక తేలుచు, చేయెత్తి పిలుచుచు, గట్టునకు సమానముగా ప్రక్కకు ఈదినచో ఆ లాగుడునుండి తప్పించుకొనును; పిమ్మట గట్టును జేరవచ్చును. చూచువారును దానిలో దుముకరాదు. త్రాటినో, ఖాళీడబ్బానో విసరి, రక్షకులను పిలువవలెను.

విద్యార్థులారా! సముద్రమునకు పోవుడు, చూడుడు, ఆనందింపుడు. కాని పోవుటకు ముందునాడు ఆనాటి సూచనను చదువుడు: ఎత్తెంత, ఆవర్తనకాల మెంత, గాలి యెటు, పోటు ఎప్పుడు? ఎఱ్ఱజెండా యున్నచోట దిగకుడు. ఈదరానివారు మోకాలిలోతు దాటకుడు. అచ్చటి బెస్తవానిని ఒక్కమాట యడుగుడు. అతడు తెప్పను ఒడ్డుననే యుంచిన దినమున మీకును ఒడ్డే మేలు. హైదరాబాదున గూర్చుండి గణించువాని లెక్కయు, తీరమున నిలిచి చూచువాని యనుభవమును ఒక్కటే మాట చెప్పినప్పుడు, దానిని వినుట పిఱికితనము కాదు, విద్య.